మార్కాపురం పలక

ఒంగోలు

బుజ్జమ్మకూ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన గోనెగుడ్డ మూటని మెల్లగా విప్పండి. లోపల ఉన్నది రాయి, కింద పడితే పగులుతుంది. మార్కాపురం పలక అది. మొన్న అక్కడికి పెళ్లికి వెళ్లాం కదా, ముహూర్తం అయ్యాక బస్సు వేళ దాకా మూడు గంటలు దొరికితే ఆటో ఎక్కి పలకల షెడ్ల వైపు వెళ్లి తెచ్చాను. భోజనాల దగ్గర నేను కనబడక మీ నాయనమ్మ పందిరంతా వెతికిందట. ఆ గొడవ మీకెందుకులే.

మేం చీమకుర్తి, పొదిలి మీదుగా వెళ్లాం. చీమకుర్తిలో నల్లటి గ్రానైటు దొరుకుతుంది. రాతి నిండా బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కాబట్టి గెలాక్సీ అని పేరు. ఇంటి గదంత దిమ్మెలు మోసే లారీల వెనక మా బస్సు నత్తలా నడిచింది. మార్కాపురంలో దిగి షెడ్ల దాకా పోతే ఒక్క లారీ కూడా ఎదురుపడలేదు.

ముందు రాయి సంగతి చెప్పాలి. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక ఆ ప్రాంతం నీళ్ల అడుగున ఉండేది. అడుగున పేరుకున్న సన్నటి బురద గట్టిపడింది. తర్వాత భూమి లోపలి ఒత్తిడికి నలిగి, అందులోని రేణువులన్నీ ఒకే వైపుకి పడుకున్నాయి. అందుకే అది మామూలు రాయిలా ముక్కలు ముక్కలుగా పగలదు. విస్తరాకుల కట్టలోంచి ఒక్కో ఆకూ లాగినట్టు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అంచున ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడితే చాలు. గట్టిగా కొడితే అంతా పాడే. తర్వాత కొలతకి కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. బలపం ఇంకా మెత్తటి రాయి, రుద్దితే పలక మీద పొడి రాలుతుంది. ఆ పొడే అక్షరం.

నాకు ఓనమాలు దిద్దించింది ఇలాంటి పలక మీదే. బొగ్గూ దొండాకూ కలిపి రుద్దితే నల్లగా నిగనిగలాడేది. ఉమ్మేసి తుడిస్తే అయ్యవారు చెవి మెలేసేవారు. అయినా అందరం ఉమ్మే వాడేవాళ్లం, అది వేరే సంగతి.

షెడ్ల దగ్గర ముందు కనబడేవి రాతి ముక్కల గుట్టలు. పనికిరాక పారబోసినవి, ఇంటి కప్పంత ఎత్తున ఉన్నాయి. రేకుల షెడ్లు చాలావాటికి తాళాలు. ఒకదాంట్లో ఓ పెద్దాయన కూర్చుని రాయి చీలుస్తున్నాడు. నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యానని చెప్పగానే చాప జరిపి కూర్చోమన్నాడు.

"రాయి అయిపోయిందా?" అని అడిగాను.

"రాయికేం అయ్యోరా, తవ్వినంత ఉండాది. పలక కావాలనే పిల్లోళ్లే అయిపోయినారు" అన్నాడు.

(1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం కర్నూలు జిల్లాలోది. ఆ యాస ఇంకా పోలేదు. నాకు వినసొంపుగా ఉంటుంది.)

ఊరి పని తగ్గిపోయిందంటే గని ఎండిపోయిందనో, యజమాని మోసం చేశాడనో అనుకుంటాం. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. రాతి పలక బరువు, పడితే పగులుతుంది. రేకు పలక పగలదు. ప్లాస్టిక్ పలక సంచిలో తేలిగ్గా ఉంటుంది. తర్వాత నోటుపుస్తకాలు చవకయ్యాయి. అసలు పలకే పట్టకుండా పెన్సిలుతో మొదలెట్టే బళ్లు వచ్చాయి. ఒక్కోటీ చిన్న మార్పే. ఇందులో నా చెయ్యి కూడా ఉంది. నా బడికి తనిఖీకి వచ్చిన అధికారి పిల్లలు రాసింది చూపించమన్నాడు. పలక మీద పొద్దున రాసింది సాయంత్రానికి ఉండదు కదా, ఏం చూపించను? మరుసటి వారమే ఒకటో తరగతి పిల్లల చేత కూడా నోటుపుస్తకాలు కొనిపించాను. ఆ మాట ఆ పెద్దాయనకి చెప్పలేదు. చెప్పాల్సింది.

ఇప్పుడు నడుస్తున్న కొద్ది షెడ్లలో నేలకీ గోడలకీ అతికించే బిళ్లలు కోస్తున్నారు. విదేశాలకు కూడా పోతాయి. ఆర్డరు ఉన్న నెల పని, లేని నెల లేదు. అయినా పాత రోజులు బంగారమని నేను అనను. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, ఆ జబ్బు నయం కాదు. మాట్లాడినంతసేపూ ఆ పెద్దాయన దగ్గుతూనే ఉన్నాడు. ముక్కుకి గుడ్డ కూడా లేదు. మేం ముప్పై మంది పిల్లలం పలకలు పట్టుకుని కూర్చున్నప్పుడు వాటి వెనక ఎందరి దగ్గు ఉందో మాకెవరూ చెప్పలేదు.

పలకకి డబ్బులు తీసుకోనన్నాడు. ఆయన జేబులో పెట్టి వచ్చాను.

దీనికి చట్రం ఎందుకు లేదని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. చట్రాలు బిగించే వడ్రంగి ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైటు పనికి పోతున్నాడట, నెలకోసారి ఇంటికొస్తాడట. అందుకని అంచులు పదునుగా ఉన్నాయి, చెయ్యి కోసుకోకండి. ఒక మూల విరిగింది చూశారా, అది పొదిలి బస్టాండులో నా చేతిలోంచి జారి విరిగింది. బలపాలు గుడ్డ మడతలో ఉన్నాయి, పారేయకండి.

మీ తాతయ్య