స్టెబిలైజర్ 'టక్' మన్నప్పుడు

ఎండాకాలం సాయంత్రం ఏడు దాటిందంటే మా ఇంట్లో ఫ్యాన్ నీరసపడుతుంది. ఆ వెంటనే ఏసీ పక్కనున్న స్టెబిలైజర్ 'టక్' మంటుంది. లోపలి రిలే, అంటే తనంతట తానే మారే స్విచ్చి, ఒక ట్యాప్ వదిలి ఇంకో ట్యాప్ పట్టుకున్న చప్పుడది. వైండింగ్, అంటే తీగ చుట్ల మధ్యలో అక్కడక్కడ బయటికి తీసిన తీగలనే ట్యాప్‌లు అంటారు. సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చేసేదీ ఇదే పని, కాకపోతే నూనెలో మునిగి.

ట్రాన్స్‌ఫార్మర్‌లో అంతా చుట్ల లెక్క. మన వీధుల్లో ఉండేది 11,000 వోల్టులను 433కి దించుతుంది. అది ఫేజుకూ ఫేజుకూ మధ్య. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య అయితే 250. ఇంటికి కావలసింది 230 కదా? ఆ పైనున్న 20 దారి ఖర్చు. లోడు పడ్డాక ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత, తీగల్లో కొంత పోతుంది.

ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇటు, అంటే ఇళ్ల వైపు, ఒక చుట్టుకు అటు, అంటే 11,000 వైపు, దాదాపు 44 చుట్లు. అటు చుట్లు తగ్గిస్తే ఇటు వోల్టేజీ పెరుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు తిరకాసుగానే అనిపించింది. అదే 11,000 తక్కువ చుట్లకు పంచితే ఒక్కో చుట్టుకు ఎక్కువ వాటా వస్తుంది, ఇటు చుట్టుకూ అదే వాటా. రెండున్నర శాతం చుట్లు తీసేస్తే 250 కాస్తా 256 అవుతుంది.

ట్యాప్‌లు సాధారణంగా 11,000 వైపే పెడతారు. అటు కరెంటు తక్కువ కాబట్టి స్విచ్చి చిన్నదైనా సరిపోతుంది, చుట్లు ఎక్కువ కాబట్టి సన్నటి మెట్లు దొరుకుతాయి.

వీధి ట్రాన్స్‌ఫార్మర్లలో ట్యాప్ ఉన్నచోట కూడా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, సప్లై పూర్తిగా ఆపాకే మార్చాలి. అందుకే సాయంత్రం లో వోల్టేజ్ ఉందని పెంచేస్తే, అర్ధరాత్రి లోడు తగ్గాక బల్బులు మాడతాయి. గంటగంటకూ సర్దడం దాని వల్ల కాదు.

సబ్‌స్టేషన్‌లో ఊరంతటికీ కరెంటు ఆపలేరు. నడుస్తుండగానే మార్చాలి. పాత ట్యాప్ వదిలి కొత్తది పట్టుకుందామంటే మధ్యలో నిప్పు లేస్తుంది. రెండూ నేరుగా కలిపితే వాటి మధ్య చుట్లు షార్ట్ అవుతాయి. దీనికి జర్మన్ ఇంజినీర్ బెర్న్‌హార్డ్ యాన్సెన్ 1920ల్లో చక్కటి ఉపాయం చెప్పాడు: ఒక్క క్షణం రెండు ట్యాప్‌లనూ రెసిస్టర్ల ద్వారా, అంటే కరెంటును అదుపు చేసే అడ్డుల ద్వారా, పట్టుకోవడం. వాగు దాటేవాడు ముందు కాలు రాయి మీద ఆనాకే వెనక కాలు ఎత్తినట్టు. బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా వదలడంతో ఆ మార్పిడి సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. ఇళ్లల్లో ఎవరికీ తెలియదు.

అయితే ట్యాప్ వోల్టేజీని పెంచుతుందే కానీ కరెంటును పుట్టించదు. లైనులో 180 ఉంటే మా స్టెబిలైజర్ 230 చేసి ఇస్తుంది. ఏసీకి 5 ఆంపియర్లు కావాలంటే లైను నుంచి 6.4 దాకా లాగుతుంది. ఆ అదనపు కరెంటుతో వీధి తీగలో ఇంకాస్త వోల్టేజీ పడిపోతుంది. మాది 'టక్' మన్న కాసేపటికి పక్కింటిది కూడా 'టక్' మంటుందంటే, అందులో మా వాటా కొంత ఉన్నట్టే.