ఐదు పలకలు, తెలుగు వాక్యం

వినే పిల్లలకు మాటల వరస చెవిన పడుతూనే అబ్బుతుంది. వినపడని పిల్లలకు దాన్ని కంటికి చూపించాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల పిల్లలకు భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) వాక్యం నేర్పాలన్నా గళ్ల చార్టు, అంటే వాక్యంలో ఒక్కో ముక్కకు ఒక్కో గడి ఉండే చార్టు, బాగా పనికొస్తుంది. కాకపోతే అది ఇంగ్లిష్ కోసం పుట్టింది.

1899లో అమెరికాలోని కొలరాడో బధిరుల పాఠశాల టీచరు క్యాథరిన్ బ్యారీ ‘ఐదు పలకల పద్ధతి’ని వివరిస్తూ పుస్తకం తెచ్చారు. మొదటి పలక మీద కర్త, రెండో దాని మీద క్రియ, తర్వాత కర్మ, ప్రిపొజిషన్ (in, on, to లాంటి మాట), చివర దాని వెంట వచ్చే నామవాచకం. టీచరు ఒక పని చేసి చూపిస్తే పిల్లలు ఆ ముక్కల్ని పలకల మీద సర్దుతారు. 1926లో ఈడిత్ ఫిట్జ్‌జెరాల్డ్ (ఆమె స్వయంగా బధిరురాలు) ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే ప్రశ్నలనే గళ్ల పేర్లుగా పెట్టారు.

ఆ వరసనే తెలుగులో దించితే ‘రాజు తిన్నాడు జామకాయ’ వస్తుంది. క్రియ గడి చివరకు జరగాలి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేన్ని, ఏం చేశారు. ప్రిపొజిషన్ పలక మనకు అక్కర్లేదు. దాని బదులు కు, ని, లో, తో అని చిన్న చీటీలు వేరే రంగులో రాసి నామవాచకానికి అంటించాలి. అసలు చిక్కు ఇక్కడే. ‘ఇల్లు’ పక్కన ‘లో’ పెడితే పిల్లలు ‘ఇల్లులో’ అనే రాస్తారు, వాళ్ల తప్పేం లేదు. ఇల్లు–ఇంట్లో, ఊరు–ఊళ్లో, చెయ్యి–చేతిలో లాంటివి చీటీలతో కుదరవు. ఒక్కోదానికి పూర్తి రూపంతో విడి కార్డు కావాలి.

వాక్యం తర్వాత ఉచ్చారణ సంగతి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిరుల విద్య మహాసభ సైగలను పక్కకు నెట్టి నోటిమాటకే పెద్దపీట వేసింది. ఉచ్చారణకు వాడే అద్దం, కొవ్వొత్తి అప్పటికే ఉన్నా, ఆ తర్వాత వాటికి గిరాకీ పెరిగింది. అద్దం మంచిదే గానీ ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. ‘మ’కు ముక్కు మీద, ‘బ’కు గొంతు మీద వేలు పెట్టించి అదురు తెలియజేయాలి. కొవ్వొత్తితో మాత్రం జాగ్రత్త. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో వచ్చే ‘ప’కు గాలి బలంగా వెలువడి మంట కదులుతుంది. తెలుగు ‘ప’కు అంత గాలి ఉండదు. మంట ఊగేదాకా పలికిస్తే ‘పాలు’ కాస్తా ‘ఫాలు’ అవుతుంది.

భారతీయ సైగల భాషలో కూడా క్రియ మామూలుగా చివరనే వస్తుంది కాబట్టి పైన మార్చిన గళ్లు దానికీ దగ్గరగానే ఉంటాయి. పాఠ్యపుస్తకాలను ఆ భాషలోకి తెచ్చేందుకు 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీ ఒప్పందం చేసుకుంది.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. పుస్తకంలో ‘వచ్చాడు’, ఇంట్లో అమ్మ పెదవుల మీద ‘వచ్చిండు’. ఒకదాంట్లో నోరు తెరుచుకుంటుంది, ఇంకోదాంట్లో పెదవులు సాగుతాయి. పెదవులు చూసి చదివే పిల్లకు ఇవి రెండు వేరే మాటలు. క్రియ కార్డుకు ఒక వైపు పుస్తకం రూపం, వెనక ఇంటి రూపం రాసి, బొమ్మ మాత్రం రెండు వైపులా ఒకటే గీయాలి.