గోడ దూకిందా, లేదా?

మెడ ముందు, థైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ. స్కానింగ్ అయింది, సూది పరీక్ష అయింది. రిపోర్టులో 'ఫాలిక్యులర్ నియోప్లాజం' అని ఉంది. క్యాన్సరేనా అని అడిగితే డాక్టరు, "తీసి చూస్తేగానీ చెప్పలేం" అంటారు. తెలుసుకోవడానికే కోస్తారా అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అయితే డాక్టరు చెప్పింది నిజమే.

థైరాయిడ్ గడ్డలు చాలామందికి ఉంటాయి. వాటిలో క్యాన్సర్‌గా తేలేవి నూటికి 15 లోపే. థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఆ క్యాన్సర్లను పట్టివ్వదు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకం సూదికి చాలావరకు దొరికిపోతుంది. దాని కణాల కేంద్రకాలు వెలిసిపోయినట్టు ఉంటాయి, కాఫీ గింజకు ఉన్నట్టు మధ్యలో గాడి పడుతుంది. చిక్కంతా ఫాలిక్యులర్ రకంతోనే. మామూలు గడ్డలోని కణాలూ, క్యాన్సర్ గడ్డలోని కణాలూ చూపుకు ఒకేలా ఉంటాయి. తేడా ఉండేది గడ్డ చుట్టూ ఉన్న పొర దగ్గర. కణాలు ఆ గోడను చీల్చుకుని బయటపడ్డాయా, రక్తనాళంలోకి చొరబడ్డాయా అన్నదే ప్రశ్న. సన్న సూదితో లాగితే కణాలు వస్తాయి, గోడ రాదు. దొంగ ముఖం చూసి గోడ దూకాడో లేదో ఎలా చెబుతాం? అందుకే గడ్డను తీశాక పెథాలజిస్టు ఆ పొరను ముక్కలు ముక్కలుగా కోసి మైక్రోస్కోపు కింద వెతుకుతారు. ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి హడావిడిగా చూసే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్షలో కూడా చిన్న చీలిక తప్పించుకోవచ్చు.

సూది పరీక్ష ఫలితాలను ఆరు తరగతులుగా చెప్పే బెథెస్డా పద్ధతి 2007లో అమెరికాలో జరిగిన ఒక సమావేశం నుంచి పుట్టింది. అందులో 3, 4 తరగతులే ఈ ఎటూ తేలనివి. జన్యు పరీక్షలు కొంత సాయపడతాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. బీరాఫ్ అనే జన్యువులో మార్పు కనిపిస్తే దాదాపు పాపిల్లరీ క్యాన్సరే అనుకోవచ్చు. రాస్ జన్యువుల్లో మార్పు మాత్రం మంచి గడ్డల్లోనూ ఉంటుంది, చెడ్డవాటిలోనూ ఉంటుంది. దాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం.

కాబట్టి చాలాసార్లు గడ్డ ఉన్న వైపు సగం గ్రంథిని మాత్రమే తీస్తారు. గోడ చెక్కుచెదరకపోతే అక్కడితో సరి. గోడ దాటిన తీరు తీవ్రంగా ఉంటే మిగతా సగానికీ ఆపరేషన్ పడొచ్చు.

ఈ గోడకున్న విలువ 2016లో మరోసారి బయటపడింది. అప్పటిదాకా పాపిల్లరీ క్యాన్సర్‌లో ఒక రకంగా లెక్కవేసిన ఒక గడ్డకు, పొర దాటనంతవరకు 'క్యాన్సర్' అనే మాట వద్దని పలు దేశాల పెథాలజిస్టులు నిర్ణయించారు. దానికి ఎన్‌ఐఎఫ్‌టీపీ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరు ఖాయం చేయాలన్నా ముందు గడ్డను తీయాల్సిందే.