ఆ పక్షులు రాళ్లయిపోలేదు, అమ్ములూ

చిరంజీవులు అమ్ములుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అమ్ములు అడిగింది: "తాతయ్యా, ఆఫ్రికాలో ఒక చెరువుందట, అందులో దిగిన పక్షి రాయైపోతుందట. నువ్వు వెళ్లొచ్చావుగా, నిజమేనా?" ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

నిజం కాదమ్మా. నువ్వు చూసిన ఫొటోలు మాత్రం నిజమైనవే. ఆ నీళ్లలో పడి చచ్చిపోయిన పక్షులు కుళ్లిపోవు. నీళ్లలోని సోడా (తాగే సోడా కాదు, బట్టలుతికే సోడా లాంటి ఉప్పు) ఒంటికి పట్టి, ఎండి, గట్టిపడిపోతాయి. ఒడ్డున దొరికిన అలాంటి పక్షుల్ని ఒక ఫొటోగ్రాఫర్ ఏరి, బతికున్నట్టు కొమ్మల మీద కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. 2013లో అవి ప్రపంచమంతా తిరిగాయి. ఏ ఫొటో చూసినా, ఇందులో ఉన్నదాన్ని అక్కడ ఎవరు పెట్టారని కూడా అడగండి. పెద్దవాళ్లే అడగడం మానేశారు, మీరైనా అడగాలి.

ఆ చెరువు పేరు నేట్రాన్. టాంజానియా ఉత్తరాన, కెన్యా సరిహద్దు దగ్గర ఉంది. మీ పెద్దత్త వాళ్లు ఆ దేశంలోనే అరూషా అనే ఊళ్లో ఉన్నప్పుడు నన్ను తీసుకెళ్లారు. తారు రోడ్డు వదిలాక గంటల తరబడి దుమ్ము, రాళ్లు, మేకలు తోలుకెళ్లే మసాయి తెగ పిల్లలు. దారంతా ఒక కొండ కనబడుతూనే ఉంటుంది. దాన్ని మసాయిలు ఓల్ దోయిన్యో లెంగాయి అంటారు, దేవుడి కొండ అని. అది అగ్నిపర్వతం. దాని లావా నల్లగా పారుతుంది, తడి తగిలితే కొద్ది రోజుల్లోనే తెల్లబడిపోతుంది, ఎందుకంటే ఆ లావా నిండా సోడాయే. ప్రస్తుతం అలాంటి లావా కక్కే కొండ భూమ్మీద ఇదొక్కటే.

ఇక చెరువు సంగతి. అమ్మమ్మ చారు పొయ్యి మీద పెట్టి పక్కింటావిడతో మాటల్లో పడిపోతే ఏమవుతుంది? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎటూ పోదు. చారు చిక్కబడుతుంది, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా అవుతుంది, గిన్నె అంచున తెల్లటి చార కడుతుంది. అమ్మమ్మ గాభరాగా వచ్చి గ్లాసుడు నీళ్లు పోస్తుంది. మళ్లీ మాటల్లో పడుతుంది. మళ్లీ మరుగుతుంది. నేట్రాన్ అలాంటి చారు గిన్నె. కెన్యా నుంచి వచ్చే ఎవాసో ఎంగీరో అనే ఏరు పోసే నీళ్లే ఆ గ్లాసుడు నీళ్లు. పైన ఎండ ఒక పొయ్యి. గట్ల దగ్గర వేడినీటి ఊటలున్నాయి, కాబట్టి కింద ఇంకో పొయ్యి. గిన్నె పెద్దదే, 50 కిలోమీటర్లకు పైగా పొడవు, లోతు మాత్రం మూడు మీటర్లు కూడా ఉండదు. అందుకే త్వరగా మరుగుతుంది. నీళ్లు బయటికి పోవడానికి దారే లేదు. కొండ మీది సోడా వానలకు కొట్టుకొచ్చి అందులోనే చేరుతుంది. వేల ఏళ్లుగా ఆ చారు పొయ్యి మీదే ఉంది పిల్లలూ, దించేవాళ్లు లేరు. ఎండాకాలంలో ఎర్రగా కనిపిస్తుంది. అది మిరపకాయ ఎరుపు కాదు, ఆ ఉప్పులోనే బతికే కంటికి కనబడని జీవుల ఎరుపు.

ఈ సోడా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊరి చివర చౌడు నేల ఉండేది. గడ్డి మొలవదు, ఎండాకాలం వస్తే పైన తెల్లగా పొడి తేలేది. ఆ చౌడు మన్ను గంపలకెత్తి చాకిరేవుకు తీసుకెళ్లేవాళ్లు. బానలో బట్టలతో పాటు వేసి ఉడకబెడితే మురికంతా వదిలేది. మేం పిల్లలం ఆ పొడిని అరచేతిలో వేసుకుని తడి చేసేవాళ్లం. వేళ్లు జారేవి, కాసేపటికి చురుక్కుమనేది. నేట్రాన్ ఒడ్డున తెల్లటి పెచ్చు మీద కాలు పెట్టినప్పుడు అదే వాసన, అదే జారుడు. మాతో వచ్చిన మసాయి కుర్రాడు టైరు చెప్పులేసుకుని ముందు నడుస్తూ, కర్రతో పెచ్చును పొడిచి చూసి, గట్టిగా ఉన్నచోటే అడుగెయ్యమనేవాడు. ఒకచోట కర్ర దిగబడింది. కింద నల్లటి బురద, వేడి పొగ.

ఆ బురద గురించి ఒక కథ ఉంది. లెస్లీ బ్రౌన్ అనే పక్షుల పండితుడు 1954లో విమానంలోంచి ఈ చెరువు నడుమ ఫ్లెమింగోలనే పొడుగుకాళ్ల పక్షుల గూళ్లు చూశాడు. దగ్గరగా చూడాలని నడిచి వెళ్లబోయాడు. కాళ్లు బొబ్బలెక్కి ఆసుపత్రి పాలయ్యాడు. గూళ్లు అక్కడే ఎందుకున్నాయో ఆయన కాళ్లే చెప్పాయి. నక్కలకూ హైనాలకూ అక్కడిదాకా దారి లేదు. ప్రపంచంలో ఉన్న చిన్న జాతి ఫ్లెమింగోల్లో నాలుగింట మూడొంతులు ఆ చెరువులోనే పుడతాయంటారు. బురదతో చిన్న దిబ్బ కట్టి, పైన ఒక్కటే గుడ్డు పెడతాయి. పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది. ఆ నీళ్లలో పెరిగే నాచు తిన్నాకే రెక్కలకు గులాబీ రంగొస్తుంది. పక్షులు రాళ్లయిపోతాయని మనం భయపడే చోటే ఇన్ని లక్షల పక్షులు పుడుతున్నాయి. అదెలా కుదిరిందో నాకు తెలిసినంతా చెప్పాను. ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు మాత్రం అదేదీ గుర్తు రాలేదు, అలా చూస్తూ ఉండిపోయాను.

2001 నుంచి అది రామ్‌సర్ చిత్తడినేల, అంటే దేశాలన్నీ కలిసి కాపాడాలని ఒప్పుకున్న చోటు. ఆ తర్వాత కూడా అక్కడ సోడా తీసే కర్మాగారం పెడతామన్నారు. పక్షుల మేలు కోరేవాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు, అది కట్టలేదు. మనం తాగే గాజు గ్లాసుకూ, బట్టల పొడికీ సోడా కావాలి, నిజమే. సోడా ఇంకోచోట దొరుకుతుంది. ఈ పక్షులకు ఇలాంటి చెరువు ఇంకోటి దొరకదు.

మీరు టాంజానియా వెళ్లేసరికి పెద్దవాళ్లవుతారు. ఈలోగా చలికాలంలో నాన్నను పులికాట్ సరస్సుకు తీసుకెళ్లమనండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. అక్కడికొచ్చేవి పెద్ద జాతి ఫ్లెమింగోలు, కాస్త తెల్లగా ఉంటాయి. బైనాక్యులర్ మర్చిపోవద్దు, హారన్ కొట్టనివ్వద్దు. అవి తల వంచి తినేటప్పుడు ముక్కులో ఏ సగం పైకుంటుంది, ఏ సగం కిందికుంటుంది? చిన్నోడు బొమ్మ గీసి పంపాలి. అమ్ములు పక్కన రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య