ఈనే ఆవుల చెంత కయోటీలు

మార్చి నెలలో అమెరికాలోని మొంటానా, వయోమింగ్ రాష్ట్రాల పచ్చికబయళ్లలో మంచు ఇంకా పూర్తిగా కరగదు. పశువులను పెంచే పెద్ద క్షేత్రాలైన అక్కడి రాంచ్‌లలో చాలావరకు ఆవులు ఈనేది ఆ రోజుల్లోనే. తెల్లవారుజామున చూడి ఆవులను చూసుకోవడానికి వెళ్లిన యజమానికి, దూడను నాకుతున్న తల్లి ఆవుకు కాస్త దూరంలో, ముందుకాళ్లు చాపుకుని పడుకున్న బూడిదరంగు జంతువు కనిపించడం మామూలే. అది కయోటీ. దూడ కోసమే పొంచి ఉందని చూసినవారెవరికైనా అనిపిస్తుంది గాని, చాలాసార్లు అది కాచుకుని ఉండేది ఈనిన తరువాత ఆవు కడుపులోంచి పడే మాయ కోసం. జున్నుపాలు తాగిన లేగదూడ వేసే పేడను కూడా అది వదలదు, ఎందుకంటే అందులో పాల సారం ఇంకా మిగిలే ఉంటుంది. చలికాలమంతా అరకడుపుతో గడిపిన జంతువుకు ఏ శ్రమా లేకుండా దొరికే తిండి ఇది.

కయోటీని తెలుగులో నక్క అనలేము, తోడేలు అనీ అనలేము. ఈ రెండింటికీ అది దగ్గరి చుట్టమే; బరువు సాధారణంగా 10 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. మెక్సికో ఆదివాసుల నహువాతల్ భాషలోని ‘కోయోతల్’ అన్న మాట స్పానిష్ మీదుగా ఇంగ్లిషులోకి చేరింది. పశ్చిమ రాష్ట్రాల పశుపాలకులు చాలామంది దాన్ని ‘కాయోట్’ అని రెండక్షరాల్లో తేల్చేస్తారు, ఆ పలకడంలో గౌరవం పెద్దగా వినిపించదు.

ఆ అగౌరవానికి కారణం లేకపోలేదు. కయోటీ దూడను చంపగలదు, చంపుతుంది కూడా. అమెరికా వ్యవసాయ శాఖ 2015 సంవత్సరానికి సేకరించిన లెక్కల్లో, చనిపోయిన దూడల్లో సుమారు 11 శాతం వేటజంతువుల వాత పడ్డాయి, వాటిలో సగానికి పైగా కయోటీల ఖాతాలోనివే. మిగిలిన దాదాపు 89 శాతం దూడలు శ్వాసకోశ వ్యాధులు, పారుడు, ఈతలో ఇబ్బంది, చలిగాలుల వంటి కారణాల వల్ల పోయాయి. ఈ లెక్కలు యజమానులు చెప్పినవి కనుక, ఏ దూడను ఏది చంపిందన్న తీర్పు కూడా చాలావరకు వారిదే. కయోటీ తింటూ కనిపించిన దూడ కయోటీ చంపిన దూడే కావాలని లేదు.

ఆ తేడా తెలియాలంటే కళేబరం చర్మం ఒలిచి చూడాలి. ప్రాణం ఉండగా కోరలు దిగితే, గాట్ల చుట్టూ చర్మం కింద రక్తం కమిలి ముదురు ఎరుపు రంగులో గడ్డకట్టి ఉంటుంది. చచ్చిన తరువాత కొరికితే కండ పాలిపోయి శుభ్రంగా కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన దూడ గిట్టల కొసలకు పసుపుపచ్చని మెత్తటి పొర ఉంటుంది, నాలుగడుగులు వేస్తే అది అరిగిపోవడం మొదలవుతుంది. ఆ పొర చెక్కుచెదరకుండా ఉందంటే దూడ లేచి నడవనే లేదన్నమాట. ఊపిరితిత్తి ముక్కను బకెట్ నీళ్లలో వేస్తే తేలాలి. మునిగిందంటే దూడ ఊపిరే తీసుకోలేదు. పొట్టలో పాలవిరుగుడు ఉంటే కనీసం ఒకసారైనా తల్లి దగ్గర పాలు తాగింది. కత్తి, బకెట్ తప్ప మరేమీ అక్కరలేని ఈ పరీక్షలు తుపాకీ కంటే ముందు జరగాల్సినవి.

తుపాకీ సంగతికొస్తే, దాని వెనుక వందేళ్ల ప్రభుత్వ ఖర్చు ఉంది. ఇలాంటి జంతువులను చంపడానికి 1915లో మొదలైన కేంద్ర నిధులకు 1931లో ఒక చట్టం శాశ్వత రూపమిచ్చింది. స్ట్రిక్నిన్ అనే విషం, ఆ తరువాత 1080 అనే మరో విషం, ఉచ్చులు, విమానాల నుంచి కాల్పులు అన్నీ ప్రయోగించారు. కేంద్ర భూముల్లో విషాల వాడకాన్ని 1972లో అధ్యక్షుడు నిక్సన్ నిషేధించాడు. ఇప్పటికీ వ్యవసాయ శాఖ సిబ్బంది ఏటా 50 వేలకు పైగా కయోటీలను చంపుతున్నారు. ఇదే వేటలో తోడేళ్లు దేశంలో చాలాచోట్ల కనుమరుగయ్యాయి గాని, కయోటీ మాత్రం తూర్పు తీరం దాకా, అలాస్కా దాకా, దక్షిణాన పనామా దాకా వ్యాపించింది. కానలీ, లాంగ్‌హర్స్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో వేసిన లెక్క ప్రకారం, ఏటా నూటికి 75 చొప్పున చంపుతూ పోయినా ఈ జాతి అంతరించడానికి 50 ఏళ్లకు పైగా పడుతుంది.

ఇందులో మాయమంత్రమేమీ లేదు. కలతలేని చోట ఒక గుంపులో సాధారణంగా పెద్ద జంట మాత్రమే పిల్లలను కంటుంది. ఆ జంటలో ఒకటి చస్తే ఖాళీ అయిన తావులోకి కొత్తవి వస్తాయి, ఏడాది వయసు ఆడవి కూడా ఈనడం మొదలుపెడతాయి, తినే నోళ్లు తగ్గడంతో పుట్టిన పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. కాలిఫోర్నియాలో గొర్రెల మీద జరిగిన అధ్యయనంలో గొర్రెలను చంపినవి ప్రధానంగా ఇలాంటి పెద్ద జంటలేనని తేలింది. యూటాలో వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి వదిలితే, మేపాల్సిన కూనలు లేక గొర్రెపిల్లల జోలికి వెళ్లడం తగ్గింది. ఇవి గొర్రెల మందల ఫలితాలు. ఆవుల మందకు యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది. అయినా దూడల జోలికి రాని జంటను చంపి, దాని తావును ముక్కూ మొహం తెలియని కయోటీకి అప్పగించడం నాకు మంచి బేరంగా కనిపించదు. పైగా పశ్చిమ టెక్సాస్‌లో కయోటీలను తొలగించిన చోట కుందేళ్లు పెరిగినట్టు 1999లో వెలువడిన అధ్యయనం చూపింది, ఆ కుందేళ్లు మేసేది ఆవుల గడ్డినే.

ఒక్క దూడ పోయినా యజమానికి ఏడాది రాబడిలో లోటే కాబట్టి, అతని జాగ్రత్తను తప్పుపట్టలేము. చచ్చిన పశువును మందకు దగ్గరలో పడేయకుండా పూడ్చడం, తొలిచూలు ఆవులను ఇంటి దగ్గరి దొడ్డిలో ఈనించడం ఎక్కువమంది చేసేవే. ఆవు కూడా తన వంతు చేస్తుంది: చాలా ఆవులు మాయను తామే తినేస్తాయి, కయోటీ మరీ దగ్గరికొస్తే తల వంచి తరుముతాయి. అది కొన్ని గజాలు పరుగెత్తి, ఆగి, వెనక్కి చూసి, మళ్లీ అక్కడే పడుకుంటుంది.