మంద కళ్లు రాత్రి ఎందుకు మెరుస్తాయి?

అనంతపురం, కర్నూలు పల్లెల్లో పంట తీసిన చేలో ఎరువు కోసం రాత్రిపూట గొర్రెల మందను నిలుపుతారు. చీకట్లో టార్చి వేస్తే గొర్రెల కంటే ముందు వాటి కళ్లే కనబడతాయి, నీలం కలిసిన పచ్చ రంగులో, జంటలు జంటలుగా. మంద పక్కన పడుకున్న మనిషి కళ్లు మాత్రం మెరవవు.

కంటి లోపల వెలుతురును పట్టే పొరను రెటీనా అంటారు. తేడా అంతా దాని వెనక ఉంది. రెటీనా కణాలకు చిక్కకుండా దాటిపోయిన వెలుతురును మన కంట్లో నల్లటి పొర మింగేస్తుంది. గొర్రె, మేక, ఆవు కళ్లలో అక్కడ అద్దంలాంటి పొర ఒకటుంటుంది. దాన్ని టపీటం అంటారు. కొలాజెన్ అనే ప్రోటీన్ సన్నటి పోగులు వరుసగా పేర్చుకుని వెలుతురును వెనక్కి కొడతాయి, మొదట తప్పిపోయిన వెలుతురు రెండోసారి కణాలకు చిక్కుతుంది. నష్టమూ లేకపోలేదు. తిరిగొచ్చే వెలుతురు కొంత చెదిరి బొమ్మ మసకబారుతుంది. అయినా గట్టు మీద తోడేలు కదిలిందో లేదో తెలిస్తే గొర్రెకు చాలు.

అన్నిటికన్నా ముచ్చటైన సంగతి, ఈ పొర కంటి వెనక గోడకు పై భాగంలోనే ఉంటుంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా, నేల నుంచి వచ్చే వెలుతురు పై సగానికి, ఆకాశం వెలుతురు కింది సగానికి చేరతాయి. మసకగా ఉండే నేల వైపుకే అద్దం!

ఈ మెరుపు చూడాలంటే టార్చిని కణత పక్కనే పట్టుకోవాలి. వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది కాబట్టి, నడుం దగ్గర పట్టుకుంటే మన కంటికి సరిగా అందదు. దూరం నుంచే వేయాలి, దగ్గరికి పోతే మంద బెదురుతుంది.

తెల్లారాక అదే కన్ను చూడండి. ఎండలో కంటిపాప అడ్డగీతలా ముడుచుకుంటుంది. దాని అంచున నల్లటి గడ్డల్లాంటివి ఉంటాయి. రోగం కాదు, ఎండకు అడ్డుపడే చూరు అనుకోవచ్చు. అడ్డపాప నడినెత్తి ఎండను తగ్గించి, ముందూ వెనకా నేలను బాగా చూపిస్తుంది. మేతకు తల వంచినా కనుగుడ్డు 50 డిగ్రీల దాకా తిరిగి ఆ గీతను నేలకు సమాంతరంగానే ఉంచుతుంది. 214 జాతుల నేల జంతువుల కంటిపాపలను పోల్చి 2015లో వెలువడిన పరిశోధన ఈ లెక్కను తేల్చింది. పిల్లిలా పొంచి పట్టేవాటికి నిలువుపాప. అది తన వైశాల్యాన్ని 135 రెట్ల దాకా మార్చుకోగలదు. మన గుండ్రటి పాపకు సుమారు 15 రెట్లే సాధ్యం.

చీకటికి అలవాటు పడడం పాప ఒక్కదాని పని కాదు, రెటీనా కణాలూ సర్దుకోవాలి. అందుకే మన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పైనే కావాలి. మధ్యలో సెల్‌ఫోన్ తెర చూస్తే ఆ సర్దుబాటు చాలావరకు చెడుతుంది. రాత్రి చూపుకు పనికొచ్చే కణాలు ముదురు ఎరుపును దాదాపు పట్టించుకోవు, అందుకే టార్చికి ఎర్ర కాగితం కడితే నయం.

రాత్రి, టార్చి అన్నాక కలివికోడి సంగతీ చెప్పుకోవాలి. అది రాత్రి తిరిగే పిట్ట, కళ్లు పెద్దవి. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక శాస్త్రవేత్తల కంట పడనేలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, రాత్రిపూట, టార్చి వెలుతురులో.