పరిహారం తీసుకుంటే ఉరి తప్పిపోతుందా?

హత్య కేసుల్లో చనిపోయినవాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: "డబ్బు తీసుకుంటే రాజీపడ్డట్టే కదండీ, వాడికి ఉరి పడదేమో." బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు అలా భయపడటంలో తప్పేం లేదు. కోర్టు బయట టీ తాగుతూ ఆ మాట చెవిన వేసేవాళ్లనే అనాలి.

హత్య కేసులో రాజీకి చట్టంలో చోటే లేదు. పరిహారం ముద్దాయి జేబులోది కాదు, సర్కారు నిధి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 357ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 396. ముద్దాయి ఎవరో తేలకపోయినా అడగొచ్చు. కేసు కొట్టేసినా కోర్టు సిఫారసు చేయొచ్చు.

అర్జీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పెట్టాలి. గుంటూరువాళ్లకి ఊళ్లోనే, బెజవాడవాళ్లకి మచిలీపట్నం జిల్లా కోర్టులో. ముందు 15100కి ఫోన్ చేసి కనుక్కోండి. ఎఫ్‌ఐఆర్ నకలు (ఫిర్యాదుదారుకి, బాధితులకి స్టేషన్లో ఊరికే ఇవ్వాలి), పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాసుపుస్తకం జతచేయండి. అర్జీ మీద ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఫైలు ఆగేది పేర్ల దగ్గర: ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం. అర్జీ పెట్టకముందే సరిచేయించుకోండి. బాధితురాలు మహిళ అయితే 2018 నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకం కింద ప్రాణనష్టానికి 5 నుంచి 10 లక్షలు. ఉరి పడేదాకా ఆగుదామంటే ఈలోగా పిల్లల ఫీజులు ఎవరు కట్టాలి?

ఇక "21 రోజుల్లో ఉరి" అనే మాట. అది ఆడవాళ్లపై నేరాలకి ఏపీ తెచ్చిన దిశ బిల్లు నుంచి వచ్చింది. ఆ బిల్లు 2019 డిసెంబరులో అసెంబ్లీ దాటింది, రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అంతే సంగతులు.

సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖరారు చేయాలి, ఆపైన సుప్రీంకోర్టు, క్షమాభిక్ష. 1993లో చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. ఇద్దరికి పడిన ఉరిని 1998లో రాష్ట్రపతి యావజ్జీవంగా మార్చారు.

"యావజ్జీవమే వేశారు, పైకోర్టులో ఉరి అడుగుదాం" అంటారు. బాధితులకి ఆ అప్పీలు లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. నిర్దోషిగా వదిలేసినా, చిన్న సెక్షన్‌కి దించినా, పరిహారం తక్కువైనా మీరు వేయొచ్చు. శిక్ష పెంచమని వేయాల్సింది సర్కారు. కాబట్టి తీర్పు నకలు చేతికి రాగానే పీపీకి (సర్కారు తరఫు వకీలు) రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకున్న కాపీ దాచుకోండి.